మూసిన కిటికీ, నల్లబడిన గోడ

మన దగ్గర గోడ మీద నల్లమచ్చ కనిపించగానే మొట్టమొదట చేసే పని రంగు డబ్బా కొనుక్కురావడం. రెండో పని, ఆ మచ్చ ఎవరి వల్ల వచ్చిందో తేల్చడం. కిరాయి ఇల్లయితే కిరాయివాళ్ల వల్ల, సొంత ఇల్లయితే కోడలి వల్ల. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగే మనిషి మాత్రం కనబడడు. ఈ ఒక్క సంగతి మీద ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు కోపం వచ్చింది. రిటైరయ్యాక ఇంకా ఎక్కువ వస్తోంది. బీపీ మాత్ర వేసుకునే ఇది రాస్తున్నాను.

ప్రభుత్వ భవనాల మరమ్మతులు చూసే వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నేను చెయ్యి పెట్టి చూడని గోడ లేదు.

పై వాక్యం రాసి చదువుకున్నాక నాకే నవ్వొచ్చింది. హాస్టళ్లు, క్వార్టర్లు, ఆఫీసులు చాలానే చూశాను, అది నిజం. కానీ కాటారం దాటి అడవి అంచున ఉన్న ఊళ్లకు వానాకాలంలో పోవాల్సి వస్తే ఏదో ఒక నొప్పి చెప్పి తప్పించుకునేవాణ్ని. వానాకాలంలో చూడని గోడ చూసిన లెక్కలోకి రాదు. కాబట్టి ఆ మాటను సగానికి తగ్గించి చదువుకోండి. ముందు ముందు కూడా ఇలాంటివి తగులుతాయి. చెప్పేటప్పుడు నా చెయ్యి కాస్త పెద్దది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నా ప్రమోషన్ల కథ, ఫైళ్ల కథ అక్కర్లేదు. ఒక గోడ కథ చెబుతాను. అది ఉద్యోగంలో ఉన్నప్పటిది కాదు, మొన్నమొన్నటిది. ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ గోడ దగ్గరే పనికొచ్చింది.

నర్సయ్య పిలుపు

నర్సయ్య నాతో పాటు బళ్లో చదివాడు. మహబూబాబాద్‌లో కిరాణా దుకాణం నడిపి, దాన్ని కొడుకు చేతికిచ్చి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఇంటి వెనక ఒక గది, వంటిల్లు కట్టి కిరాయికి ఇచ్చాడు. ఒక రోజు ఫోన్ చేశాడు.

"యాదగిరీ, నువ్వొకసారి రావాలె. నా గోడ నాశనం చేసిన్రు."

"ఎవరు?"

"ఇంకెవరు, కిరాయోళ్లు. తండా నుంచి వచ్చిన్రు. ఇల్లు ఉంచుకునుడు తెల్వది. తడిబట్టలన్నీ గదిలనే ఆరేస్తరు. గోడంత బూజు. రంగేయించిన, మళ్లొచ్చింది. మళ్ల ఏయించిన, మళ్లొచ్చింది. ఖాళీ చెయ్యిమంటే పిల్ల పరీక్షలు అంటున్నరు. నువ్వు గవర్నమెంట్ల చేసినోనివి. నువ్వొచ్చి వాళ్ల ముంగట ఒక్క మాట చెప్పు, సాలు."

నన్ను పిలిచింది గోడను చూడటానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి. తీర్పు ముందే రాసిపెట్టి ఉంది. ఉద్యోగంలో కూడా నన్ను ఎక్కువగా ఇలాగే పిలిచేవాళ్లు. జనగామలో రైలెక్కాను.

వెళ్లేసరికి ఆ వెనక గది గడప మీద ఒక ఆడపిల్ల కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పేరు శిరీష, పదో తరగతి. ఒక్కో లెక్క మధ్య ఆగి గాలి లాక్కుంటోంది. ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. నన్ను చూసి లోపలికి "యాడీ" అని పిలిచింది. వాళ్ల భాషలో అమ్మ అని. తల్లి కమిలి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చలువ గిడ్డంగి దగ్గర మిరపకాయల తొడిమెలు తీసే పని ఆమెది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి పోయాడు.

"సారూ, మీరు మమ్ములను ఎల్లగొట్టనీకి వచ్చిన్రా?" అంది కమిలి.

"లేదమ్మా, గోడ చూడనీకి వచ్చిన."

"గోడ చూసినంక ఎల్లగొడ్తరా?"

నేను నర్సయ్య వైపు చూశాను. పక్కనే నిలబడ్డ నర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

ఆమె దాచకుండా చెప్పింది. ఈ ఇంట్లోకి వచ్చిన తర్వాతే పిల్లకు ఈ ఆయాసం, దమ్ము మొదలైంది. దవాఖానలో ఆవిరి పట్టే మిషను రాశారు. ఆ నల్లగోడ పక్కన పడుకోబెట్టవద్దని కూడా డాక్టరమ్మ చెప్పింది. వేరే ఇల్లు వెతికితే, ఏ ఊరని అడిగి, తండా పేరు వినగానే ఖాళీ లేదంటున్నారు. ఖాళీ ఉందని బోర్డు మాత్రం గేటుకు అలాగే వేలాడుతోంది. తండాకు తిరిగి పోతే పరీక్ష సమయానికి బస్సు అందదు. అంటే ఈ గదిలో ఉంటే పిల్ల ఊపిరి పోతుంది, వదిలిపెడితే పిల్ల పరీక్ష పోతుంది.

"ఆ దగ్గు మిర్చి ఘాటుకు యాదగిరీ," అన్నాడు నర్సయ్య. "బట్టల నిండ మిర్చి దుమ్ము తోటి వస్తది ఈమె."

"ఈ ఇంటికొచ్చినంకనా సారూ మిర్చి పుట్టింది?" అంది కమిలి. "మా పిల్ల మిర్చి కల్లంల పెరిగింది. అప్పుడు తుమ్మలే."

ముందు అదేమిటో చూడండి

గదిలోకి వెళ్లాను. పశ్చిమాన, నైరుతి మూలకు దగ్గరగా, కిటికీ ఉండాల్సిన చోట నాలుగు పలకలుగా సిమెంటు గీత కనబడింది. కిటికీ ఉండేది, ఇటుకలు పెట్టి మూసేశారు. అక్కడినుంచి కుడివైపు తిరిగితే ఈ గదికీ నర్సయ్య పడకగదికీ మధ్య గోడ. నలుపంతా దాని మీదే.

నల్లగా ఉన్నదల్లా బూజు కాదు. పొయ్యి మసి కావచ్చు. వేలితో రుద్దితే మసి జిడ్డుగా అంటుకుంటుంది. అనుమానం ఉంటే బ్లీచింగ్ నీళ్లు ఒక చుక్క పెట్టండి. బూజైతే కాసేపటికి రంగు వెలుస్తుంది, మసి అలాగే ఉంటుంది. బూజు చుక్కలుగా మొదలై, గుండ్రంగా పెరిగి, ఒకదానితో ఒకటి కలుస్తుంది. పై మూలల్లో, బీరువాల వెనక, గాలి ఆడనిచోట ముందు పడుతుంది.

తెల్లగా ఉన్నదల్లా కూడా బూజు కాదు. తడివేలు పెడితే కరిగిపోయేది ఉప్పు. నలిపితే కరకరలాడుతుంది. దూదిలా మెత్తగా ఉండి, తడిపినా కరగకుండా ఉండేది బూజు. అది చెక్కమంచం కింద, ప్లైవుడ్ వెనక ఇష్టంగా పెరుగుతుంది. చెప్పుల మీద, బెల్టు మీద, బడిసంచి మీద పచ్చపిండిలా కనిపించేది ఇంకో రకం. పిల్లలు దాన్ని నోటితో ఊదుతారు. ఊదనివ్వకండి, ఎగిరిందంతా ఛాతీలోకే పోతుంది. బాత్‌రూమ్‌లో టైల్సు సందుల్లో నల్లగా ఉండేది బూజు. గులాబీ రంగులో జిగురుగా ఉండేది చాలాసార్లు బూజు కాదు, వేరే సూక్ష్మజీవి. సబ్బూ బ్రష్షూ చాలు. తడిసిన ఫాల్స్ సీలింగు మీద, అట్టపెట్టెల మీద నల్లగా, తడిగా, మెరుస్తూ పట్టేదానితో మాత్రం జాగ్రత్త. దాన్ని గీకకండి. ఆ అట్టనే తీసి పారేయండి.

వీటన్నిటికీ శాస్త్రీయ నామాలు నాకు కంఠతా వచ్చు.

రావు. ఆస్పర్‌జిల్లస్ అని ఒక్కటి వచ్చు. అదీ చెప్పినప్పుడు ఎదుటివాళ్ల ముఖం మారుతుందని నేర్చుకున్నాను. రంగు చూసి పేరు పెట్టడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు, దానికి ప్రయోగశాల కావాలి. తీయడానికి పేరుతో పని లేదు. ఏ రంగుదైనా అది బతికేది తడి మీదే.

తరిగొప్పుల దగ్గర ఒక రైతు ఇల్లు చూశాను. ధర పెరిగేదాకా ఆగుదామని పడకగదిలో కప్పుదాకా పత్తి నింపి, మిగిలిన జానెడు జాగాలో మంచం వేసుకున్నారు. పత్తిలో పచ్చిదనం ఉంది. కిటికీ మూసి ఉంది, ఎలుకలు వస్తాయని. పత్తి తీశాక వెనక గోడంతా పచ్చగా ఉంది. ఆయన నాతో, "గోడకు దిష్టి తగిలింది సారూ," అన్నాడు. గోడకు తగిలింది పత్తి వదిలిన చెమ్మ. పత్తి మీద కోపం లేదు నాకు, రైతు ఎక్కడ పెట్టుకుంటాడు? అలాంటి ఇంటికి కూడా రంగు డబ్బా అమ్మి, ఏళ్ల తరబడి గ్యారంటీ అని చెప్పి వెళ్లినవాడి మీద కోపం.

నర్సయ్య గోడకు తిరిగి వస్తాను. ఆ నలుపు కింద, ఛాతీ ఎత్తులో, తెల్లటి చార ఒకటి ఉంది. తడివేలు పెట్టాను. కరిగింది. ఉప్పు.

ఇది గుర్తుపెట్టుకోండి. తడిబట్టల ఆవిరి గోడ మీద చెమ్మ తెస్తుంది గానీ గోడ లోపలి ఉప్పును బయటికి లాక్కురాదు. ఉప్పు పూసిందంటే గోడ లోపలినుంచి నీళ్లు నడుస్తున్నాయి.

వచ్చేవాళ్లకు కనబడేది

అలాంటి గోడకు రంగు వేస్తే ఏమవుతుందో కాటారం వైపు ఒక పిల్లల హాస్టల్లో చూశాను. పైనుంచి పెద్ద అధికారి వస్తున్నాడని కబురు. మా పై సారు గోడలు చూసి, "ఇవన్ని నల్లగున్నయి, రంగు కొట్టెయ్యి," అన్నాడు.

"సార్, లోపల పైపు కారుతున్నది."

"పైపు వచ్చేటోళ్లకు కనబడదు. గోడ కనబడుతది."

నేను బల్ల గుద్ది, పిల్లల ఆరోగ్యం ముఖ్యమా మీ రంగు ముఖ్యమా అని అడిగాను. అడిగాననే చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. "సరే సార్" అన్నాను. అధికారి వచ్చాడు, గోడలు బాగున్నాయన్నాడు, వెళ్లాడు. వానలు ముగిసేసరికి రంగు అట్టలు అట్టలుగా ఊడింది. దాని వెనక నలుపు మునుపటికంటే దట్టంగా ఉంది. ప్లాస్టిక్ రంగు గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టు. లోపలి తడి బయటికి రాలేక అక్కడే ఉడుకుతుంది. పిల్లల రేకు పెట్టెల్లో బట్టలకు పచ్చబూజు. వాళ్లు చాపలు తీసుకుని వరండాలో పడుకుంటున్నారు.

మా పై సారును ఇప్పటికీ మంచి అధికారి అంటారు. నేను అనను. మర్యాదగా మాట్లాడటం వేరు, మంచితనం వేరు.

అందుకే నర్సయ్య "రంగేయించిన" అని మళ్లీ మళ్లీ చెబుతుంటే నాకు ఒళ్లు మండింది.

రెండు కవర్లు

కోపంతో గోడ మాట్లాడదు. దానికి ఒక ఉపాయం ఉంది. పాలిథీన్ కవరు చింపి, గోడ మీద రంగు గీకేసిన చోట పెట్టి, నాలుగు వైపులా టేపు వేసి గాలి చొరకుండా అతికించాలి. ఒకటి రెండు రోజులు వదిలేయాలి. కవరు వెనక, అంటే గోడవైపు, నీటిబొట్లు పడితే తడి గోడలోనిది. కవరు ముందు పడితే తడి గదిలోని గాలిది.

నల్లగోడ మీద ఒకటి, దూరంగా వంటింటి గోడ మీద ఒకటి అతికించాను. శిరీష అడిగింది, "తాతా, ఇది సైన్సా?"

"టేపు," అన్నాను.

ఆ రాత్రి నర్సయ్య ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే లేచి చూస్తే వాడు మోటారు వేసి, బూట్లు తొడుక్కుని నడకకు పోయాడు. నేను సందులోకి వెళ్లాను. కాసేపటికి డాబా మీద ట్యాంకు నిండింది. నిండి, పొంగి, ఆ మధ్యగోడ కొస వెంట జారుతోంది. ట్యాంకు ఎక్కడుందంటే నర్సయ్య ఇంటికి నైరుతిలో. కిటికీ ఎక్కడ మూశారంటే వెనక గదికి నైరుతిలో. రెండూ ఒకే వాస్తు ఆయన చెప్పినవి. నైరుతిలో బరువుండాలట, కాబట్టి ట్యాంకు పెట్టారు. నైరుతిలో తెరుపు ఉండకూడదట, కాబట్టి కిటికీ మూశారు. పైన నీళ్లు, కింద గాలి లేదు. బూజు పెంచమని నాకు జీతమిచ్చి పంపినా ఇంత బాగా ఏర్పాటు చేయలేను.

కమిలి చీపురు పట్టుకుని వచ్చింది. "రోజూ గిదే సారూ. సారు వాకింగ్ పోయి ఒచ్చేదాక మాకు వానకాలమే."

"మరి చెప్పలేదా?"

"చెప్పినం. ట్యాంకు సంగతి నీకెందుకన్నడు."

మర్నాడు అందరి ముందు కవర్లు చూశాను. నల్లగోడ మీద కవరు వెనక నీటిబొట్లు, ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. అక్కడితో ఆగితే నాకు గెలుపే. కానీ రెండు కవర్ల ముందువైపు కూడా చెమ్మ ఉంది. వంటింటి గోడ మీద కవరుకైతే ముందువైపు మాత్రమే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

నర్సయ్య ఎగిరి పట్టుకున్నాడు. "చూసినవా? గదిల తడి ఉన్నదని నువ్వే అన్నవు. బట్టలు లోపట ఆరేస్తున్నరా లేదా, అడుగు."

"ఆరేస్తున్నం," అంది కమిలి. "డాబా మీదికి పోతే మీ ఒడియాలు ఆరబెట్టే జాగ అన్నరు. ముంగట దండెం కడితే ఇంటి ముఖం ఖరాబైతదన్నరు. బట్టలు నెత్తి మీద ఆరేసుకోవాల్నా? అన్నం ఒండితె ఆవిరొస్తది. కిటికీ లేదు. ఊపిరి ఇడిస్తె తప్పా?"

నర్సయ్య నా వైపు చూశాడు, నేనేదో కాపాడతానన్నట్టు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కంపరం పుట్టించిన తర్కం ఇదే. మనిషికి దారులన్నీ మూసేసి, మిగిలిన ఒక్క దారిలో నడిచినందుకు తప్పు పట్టడం. అదే అన్నాను, ఇంకా గట్టిగా. నర్సయ్య గజగజ వణికాడు.

వణకలేదు. టీ తాగాడు. "నువ్వు వాళ్ల దిక్కు మాట్లాడనీకి వచ్చినవా?" అన్నాడు. "నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె. అంతే."

బీరువా

సంచి సర్దుకుంటూ ఒక మాట అడిగాను. "ఈ గోడకు నీ వైపు ఏమున్నదిరా?"

"బీరువా."

"జరిపి చూద్దామా?"

"వద్దు. ఆ జాగ వాస్తు ఆయన పెట్టిండు. ఇల్లు కట్టినప్పటి సంది జరపలె."

వాడి భార్య సరోజనమ్మ వంటింట్లోంచి వచ్చింది. నేను వదినె అని పిలుస్తాను. చెంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. రెండు రోజులుగా వింటున్నాను ఆ దగ్గు. మిర్చి తొడిమెలు ఆమె ఎన్నడూ తీయలేదు.

"అన్నా, నా పట్టుచీరెలు వాసనొస్తున్నయి," అంది. "మచ్చలు పడ్డయి. చాకలాయనను తిట్టిన. జరుపున్రి, చూద్దాం."

"సరోజనా, వాస్తు..."

"వాస్తు ఆయన చీరె కట్టుకుంటడా?"

ఈ వయసులో నేనొక్కణ్నే భుజం ఆనించి ఆ ఇనుప బీరువాను జరిపాను అని రాయాలని ఉంది. సరోజనమ్మ వెనక వైపు తలుపు తీసి, "కమిలీ, జర ఇటు రా," అని పిలిచింది. ఆ పేరుతో ఆమె పిలవడం అదే మొదటిసారట. ఇద్దరూ ఒక కొస, నర్సయ్య ఒక కొస పట్టారు. నేను "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాను.

వెనక గోడ బీరువా ఆకారంలోనే నల్లగా ఉంది. మధ్యలో పచ్చగా, అంచుల్లో దూదిలా తెల్లగా. ఇనుప రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆ చిల్లుల్లోంచే చీరెలకు అంటుకుంది. ముక్కు మూసుకోవాల్సినంత వాసన.

ఆ గదిలో తడిబట్టలు ఆరేసినవాళ్లు లేరు. అన్నం వండినవాళ్లు లేరు. తండా నుంచి వచ్చినవాళ్లూ లేరు.

సరోజనమ్మ కమిలి వైపు తిరిగింది. "పిల్లను ముంగటి రూముల పండుకోబెట్టు ఇయ్యాల్టి నుంచి. పుస్తకాలు తీస్కరా." నర్సయ్య ఏదో అనబోయాడు. "నువ్వు పొయ్యి ఆ మోటరు సంగతి చూస్కో," అంది.

తీయడం ఎలా

మొదట నీళ్లు ఆపాలి. ట్యాంకు నిండగానే మూసుకునే బాల్ కాక్ పెట్టించాం. పొంగినా గోడ మీద పడకుండా పైపు దూరంగా లాగాం. అది చేయకుండా బూజు మీద చెయ్యి వేయకండి, వృథా.

గీకేటప్పుడు దమ్ము ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. శిరీషను బడికి పంపాం. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఫ్యాను ఆపాలి. పొడి గోడను చీపురుతో దులపడమంత తెలివితక్కువ పని లేదు, ఒక గోడది ఇల్లంతా పంచినట్టు. సబ్బునీళ్లు చల్లి, తడిపి, అప్పుడు గీకాలి. గీకింది కవర్లో కట్టి పారేయాలి. తట్టితే డొల్లగా మోగే పూతను, తడి కనిపించే చోటు దాటి మూరెడు మేర, ఇటుక కనబడేదాకా కొట్టేయాలి. ఉత్త గోడను వారాల తరబడి ఆరనివ్వాలి. కవరు అతికించి చూస్తే వెనక పొడిగా ఉండాలి. అప్పుడు పూత, ఆ మీద సున్నం. ప్లాస్టిక్ రంగు కాదు. సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది, బూజుకు అది గిట్టదు. టైల్సు, ఇనుము వంటివాటిని సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, కడిగి ఆరబెడితే చాలు. బూజు లోపలిదాకా పట్టిన పరుపును దాచుకోకండి.

బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి. మళ్లీ చెబుతున్నాను, కలపకండి. చిట్యాలలో ఒక క్వార్టర్ బాత్‌రూమ్‌లో మా పనివాడు సాంబయ్య బ్లీచింగ్ పొడి చల్లి, ఇంకా బాగా పోతుందని దాని మీద యాసిడ్ పోశాడు. పొగ లేచింది, కళ్లు, గొంతు మండిపోయాయి. నేను సాంబయ్యను భుజాన వేసుకుని బయటికి పరుగెత్తాను. అంటే, ముందు పరుగెత్తింది నేను. సాంబయ్య వెనకనుంచి, "సారూ, తలుపుల అడ్డం నిలబడ్డరు, జర జరుగున్రి," అన్నాడు. వారం దాకా ఇద్దరం దగ్గాం. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి అమ్మే దుకాణదారుడు ఒక్క మాట చెప్పడు. దాని మీద కూడా నాకు కోపమే.

కిటికీ

ఇక కిటికీ. గోడ ఆరాలన్నా, అందులో మనుషులు బతకాలన్నా కిటికీ తెరవాల్సిందే. ఉప్పు చూపించాను, కవర్లు చూపించాను, బీరువా వెనక గోడ వాడి కళ్లముందే ఉంది. నర్సయ్య అన్నిటికీ తలూపి, "వాస్తు ఆయనను ఒకసారి అడుగుదాం," అన్నాడు. నా ఉద్యోగమంతా ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క.

వాస్తు ఆయన వచ్చాడు. సరోజనమ్మ మచ్చలు పడ్డ చీరెలు మంచం మీద పరిచి పెట్టింది. "జర ఆలోచించి చెప్పున్రి," అంది. ఆయన చీరెలను చూశాడు, గోడను చూశాడు, దగ్గాడు. దిక్సూచి తీసి చాలాసేపు తిప్పాడు. నైరుతి మూల నుంచి కాస్త ఇవతలికి జరిపి, జాలీ పెట్టి తెరిస్తే దోషం లేదని, పైగా మంచిదని తేల్చాడు. నర్సయ్య ముఖం వెలిగింది. మరునాడే మేస్త్రీ వచ్చాడు.

నేను ఆ కిటికీని నా చేత్తో గునపం పట్టి కొట్టానని జనగామలో చెప్పుకున్నాను. మేస్త్రీ కొట్టాడు. నేను మంచం మీద కూర్చున్నాను. మొదటి ఇటుక ఊడినప్పుడు గాలి లోపలికి రావడం మాత్రం నా ముఖానికి తెలిసింది. అందులో ఎక్కువ తక్కువలు లేవు.

కిటికీ నేను అడిగినంత పెద్దది కాదు. డాబా మీద దండెం కట్టుకోవడానికి ఒప్పుకున్నారు, వడియాలకు ఒక పక్క, బట్టలకు ఒక పక్క. గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆరేదాకా పూత పూయవద్దని నర్సయ్యకు ఫోన్ చేసి చెబుతూనే ఉన్నాను. "తొందరేమున్నది," అంటున్నాడు, మొదటినుంచీ వాడికి తొందర లేనట్టే.

మొన్న పరీక్షలు అయిపోయిన రోజు కమిలి ఫోన్ చేసింది.

"బాపూ, పిల్ల అన్ని పరీక్షలు రాసింది. మంచిగనే రాసిన అంటున్నది."

"దమ్ము?"

"ఆవిరి మిషిని అటక మీద పెట్టిన. పదిహేను దినాల సంది దించలె."

"ఇంక దించే పని రావద్దమ్మా," అన్నాను. ఆమే మళ్లీ అంది, "బాపూ, ఒక మాట. గా వాస్తు ఆయనకు కూడ ఫోన్ చేసి చెప్పాల్నట. కిటికీ తెరిపిచ్చింది ఆయనే కదా, మరువొద్దు అన్నడు నర్సయ్య సారు. సారు వాకింగ్ పోయిండు. ఆయన నెంబరు నీ కాడ ఉన్నదా?"

లేదని చెప్పాను.

ఉంది.